ఓటు పోయాక ఊరు కట్టినవాడు

1901 ప్రాంతంలో న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణ కొసన, కేప్ మే కౌంటీలో, సుమారు 1,700 ఎకరాల నేల చేతులు మారింది. ఇసుక పాలు ఎక్కువున్న నేల అది. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, ఇంకోవైపు డెలావేర్ అఖాతం. కొనడానికి ముందుకొచ్చిన వాళ్లు నల్లజాతివారు. వాళ్లకు ముందు నిలబడ్డవాడు జార్జ్ హెన్రీ వైట్ అనే న్యాయవాది. 1901 మార్చి వరకూ అతను అమెరికా కాంగ్రెస్‌లో నార్త్ కరోలినా ప్రతినిధి. ఉభయ సభలూ కలిపి చూసినా ఏకైక నల్లజాతి సభ్యుడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో చట్టసభ విడిచి, నేల కొని ప్లాట్లు వేసి అమ్మే పనిలోకి, ఆ తర్వాత బ్యాంకు నడిపే పనిలోకి దిగాడు.

పదవి దిగిన నాయకులు వ్యాపారంలోకి వెళ్లడం అమెరికాలో మామూలే. అధికారంలో ఉండగా సంపాదించిన పరిచయాలూ పలుకుబడీ అక్కడ పెట్టుబడిగా పనికొస్తాయి. వైట్ దారి అది కాదు. ఎన్నికలో ఓడి అతను ఇంటికి పోలేదు. అతనికి ఓటేసే జనం చేతుల్లోంచి ఓటునే లాగేసుకున్నారు. ఆ మీదట అతను చేసిన వ్యాపారమంతా, ఓటు ఇవ్వవలసిన రక్షణను మరో రూపంలో తన జనానికి సంపాదించి పెట్టాలనే ప్రయత్నం. అది ఎంతదూరం సాగిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈనాటికీ తెలుసుకోదగ్గ చరిత్ర.

వైట్ 1852 డిసెంబర్ 18న నార్త్ కరోలినాలో, బ్లేడెన్ కౌంటీ రోజిండేల్ దగ్గర పుట్టాడు. తండ్రి వైలీ ఫ్రాంక్లిన్ వైట్ బానిసత్వం లేని నల్లజాతి మనిషి. తల్లి బానిసగా ఉండి ఉంటుందని చరిత్రకారుల అంచనా. బాల్యం గడిచింది పక్కనున్న కొలంబస్ కౌంటీలో. ఆ ప్రాంతమంతా పొడవాటి సూదుల్లాంటి ఆకులున్న పైన్ అడవులు. చెట్టు మొదట్లో గొడ్డలితో గుంటలా చెక్కి, పైన బెరడు మీద గాట్లు పెడితే బంక కారి ఆ గుంటలో చేరేది. దాన్ని తోడి బట్టీలో కాచి ఆవిరి పడితే టర్పెంటైన్ నూనె వచ్చేది, అడుగున రోజిన్ మిగిలేది. పైన్ కట్టెను సన్నని సెగ మీద కాలిస్తే తారు దిగేది. చెక్క ఓడలకు నీరు కారకుండా పూయడానికి తారు కావాలి, తాళ్లకూ తారే కావాలి. అంతర్యుద్ధానికి ముందు ఈ సరుకులో దేశం మొత్తంలో నార్త్ కరోలినాదే పైచేయి.

సరుకంతా పీపాల్లోనే రేవుకు చేరేది. అందువల్ల పీపాలు చేసేవాళ్లకు చేతినిండా పని ఉండేది. కుర్రవాడు వైట్ తండ్రి పొలంలో పనిచేశాడు, పీపాలు చేశాడు, చదువుకు డబ్బు కూడబెట్టుకున్నాడు.

సవతి తల్లి మేరీ ఆనా స్పాల్డింగ్ పుట్టిల్లు ఆ చుట్టుపక్కల పేరున్న నల్లజాతి కుటుంబం. ఇదే కొలంబస్ కౌంటీ నుంచి తర్వాతి కాలంలో చార్లెస్ క్లింటన్ స్పాల్డింగ్, వైద్యుడు ఆరన్ మూర్ డర్హమ్ పట్టణానికి వెళ్లి, 1898లో మొదలైన నార్త్ కరోలినా మ్యూచువల్ అనే బీమా సంస్థను నిలబెట్టారు. అది దేశంలోనే అతి పెద్ద నల్లజాతి వ్యాపార సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. వైట్ వ్యాపారంలోకి రావడాన్ని చాలామంది రాజకీయం ముగిశాక దొరికిన వ్యాపకంగా చూస్తారు. అతను పెరిగిన పల్లెలను చూస్తే అలా అనిపించదు. భూమి సొంతంగా ఉంచుకోవడం, రూపాయి రూపాయి కూడగట్టి పదిమందీ కలిసి సంస్థ పెట్టడం అక్కడివాళ్లకు తెలిసిన విద్యే.

1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక ప్రదర్శన జరిగినప్పుడు వైట్ అక్కడ కొన్ని నెలలు పనిచేశాడు. మరుసటి ఏడు వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నాడు. అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1867లో పుట్టిన విద్యాసంస్థ అది. తిరిగి సొంత రాష్ట్రానికి వచ్చి న్యూ బెర్న్ పట్టణంలో బడి నడుపుతూ, ఒక మాజీ జడ్జి దగ్గర న్యాయశాస్త్రం చదువుకుని 1879లో వకీలయ్యాడు. 1880లో రాష్ట్ర దిగువ సభకు, 1884లో సెనేట్‌కు గెలిచాడు. 1886లో ఒక జిల్లాకు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఎన్నికయ్యాడు. ఎనిమిదేళ్లు ఆ పనిలో ఉన్నాడు. అప్పట్లో దక్షిణాదిన ఒక నల్లజాతి మనిషి కోర్టులో నిలబడి, ప్రభుత్వం తరఫున తెల్లవాళ్ల మీద కూడా నేరం మోపి వాదించడమంటే అక్కడి దొరలకు ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

అతను కాంగ్రెస్‌కు పోటీచేసిన రెండో నియోజకవర్గానిది ఒక చిత్రమైన పుట్టుక. 1872లో డెమోక్రాట్లు సరిహద్దులు గీస్తూ, తూర్పు కౌంటీల్లోని నల్లజాతి ఓటర్లను వీలైనంత మందిని ఒక్కచోట కుక్కారు. ఈ ఒక్కటీ పోయినా మిగతావన్నీ మనవేనన్నది లెక్క. జనం దాన్ని ‘బ్లాక్ సెకండ్’ అన్నారు. అణచడానికి గీసిన ఆ గీతలోంచే నలుగురు నల్లజాతి సభ్యులు వాషింగ్టన్‌కు వెళ్లారు: జాన్ హైమన్, జేమ్స్ ఒహారా, హెన్రీ చీథమ్, చివరగా వైట్. చీథమ్ భార్యా, వైట్ భార్య కోరా చెర్రీ అక్కచెల్లెళ్లు. తోడల్లుళ్లిద్దరూ 1894లో ఒకే టికెట్టు కోసం తలపడ్డారు. వైట్ గెలుపు 1896లో వచ్చింది. 1898లో మళ్లీ గెలిచాడు.

ఆ గెలుపుకు వెనక రాష్ట్ర రాజకీయంలో వచ్చిన ఒక మలుపుంది. 1890ల్లో పత్తి ధర పడిపోయి అప్పుల్లో కూరుకుపోయిన తెల్ల రైతులు పాపులిస్టు పార్టీగా ఏర్పడ్డారు. వాళ్లు నల్లజాతి ఓటర్లున్న రిపబ్లికన్లతో చేతులు కలిపారు. ఈ పొత్తు 1894లో శాసనసభను గెలుచుకుంది, 1896లో డేనియల్ రసెల్‌ను గవర్నర్‌ను చేసింది. పేద తెల్లవాడూ, పేద నల్లవాడూ ఒకే వైపు ఓటేస్తే ఏమవుతుందో డెమోక్రాట్లకు అర్థమైంది. 1898 ఎన్నికలకు వాళ్లు ఒకే నినాదం పట్టుకున్నారు: తెల్లవాళ్ల ఆధిపత్యం. జోసెఫస్ డేనియల్స్ సంపాదకత్వంలోని రాలీ పత్రిక ‘న్యూస్ అండ్ అబ్జర్వర్’ కార్టూన్లతో, కట్టుకథలతో ఆ విషాన్ని ఊరూరా పంచింది. వైట్‌నూ, అతని కుటుంబాన్నీ పేరుపెట్టి దూషించింది. అదే డేనియల్స్ తర్వాత అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వంలో నౌకాదళ మంత్రి అయ్యాడు.

అదే ఏడు నవంబర్ 10న విల్మింగ్టన్‌లో జరిగినదాన్ని అల్లర్లని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నారు. అవి అల్లర్లు కావు, కుట్ర. విల్మింగ్టన్ అప్పటికి రాష్ట్రంలో పెద్ద పట్టణం, నల్లజాతివారే ఎక్కువ. వాళ్లలో వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, మంగళ్లు, హోటళ్ల యజమానులు, నగర కౌన్సిలర్లు ఉన్నారు. అలెగ్జాండర్ మ్యాన్లీ నడిపే ‘డైలీ రికార్డ్’ అనే పత్రిక ఉంది. మాజీ కాంగ్రెస్ సభ్యుడు ఆల్ఫ్రెడ్ వాడెల్ ముందు నడవగా, సాయుధుల గుంపు ఆ పత్రికాఫీసును తగలబెట్టింది. వీధుల్లో మనుషుల్ని కాల్చి చంపింది. ఎన్నికైన మేయర్‌నూ కౌన్సిలర్లనూ తుపాకీ చూపించి రాజీనామా చేయించి, సాయంత్రానికి వాడెల్‌ను మేయర్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎందరు చనిపోయారో కచ్చితంగా తేలలేదు. వందలాది కుటుంబాలు ప్రాణాలు చేతబట్టుకుని చిత్తడి అడవుల్లో దాక్కున్నాయి. తర్వాత చాలామంది ఊరే వదిలిపోయారు. వాషింగ్టన్‌లోని ప్రభుత్వం వేలైనా కదపలేదు.

వైట్ తర్వాతి జీవితానికి తాళంచెవి ఈ రోజే అనుకోవాలి. ఆ రోజుల్లో నల్లజాతి సమాజానికి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ చెప్పిన మాట బాగా వినిపించేది. ముందు చేతిపని నేర్చుకోండి, ఆస్తి సంపాదించండి, ఓటు సంగతి తర్వాత చూద్దామన్నది 1895లో అట్లాంటాలో అతను చేసిన ప్రసంగపు సారాంశం. విల్మింగ్టన్ నల్లవాళ్లకు చేతిపని ఉంది, ఆస్తి ఉంది, అచ్చుయంత్రం ఉంది. ఒక్క పూటలో అన్నీ పోయాయి.

మూకహత్యల సంగతి వైట్‌కు అంతకుముందే తెలుసు. 1898 ఫిబ్రవరిలో సౌత్ కరోలినాలోని లేక్ సిటీలో ఫ్రేజియర్ బేకర్ అనే నల్లజాతి పోస్టుమాస్టర్ ఇంటికి రాత్రివేళ నిప్పుపెట్టి, బయటికొస్తున్న కుటుంబం మీద తుపాకులు పేల్చారు. బేకరూ, తల్లి చేతుల్లోని పసిబిడ్డా చనిపోయారు. అతను కేంద్ర ప్రభుత్వోద్యోగి. పదమూడు మంది మీద కేసు నడిచినా జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, ఎవరికీ శిక్ష పడలేదు. ఆ కుటుంబానికి సాయం మంజూరు చేయించాలని వైట్ సభలో ప్రయత్నించాడు, ఫలితం లేకపోయింది. తన నియోజకవర్గంలో అతను సిఫారసు చేసి పోస్టుమాస్టర్లుగా వేయించిన నల్లజాతివారు చాలామందే ఉన్నారు. లేక్ సిటీ వార్త విన్నప్పుడు వాళ్ల ముఖాలు అతని కళ్లముందు తిరిగి ఉంటాయి.

1900 జనవరి 20న వైట్ ఒక బిల్లు పెట్టాడు. మూకహత్యను దేశద్రోహంతో సమానమైన కేంద్ర నేరంగా పరిగణించాలి, పాల్గొన్నవాళ్లకూ ఉసిగొల్పినవాళ్లకూ మరణశిక్ష వేయాలి. అమెరికా కాంగ్రెస్‌లో మూకహత్యల మీద వచ్చిన మొట్టమొదటి బిల్లు అదే. న్యాయ కమిటీకి వెళ్లింది, అక్కడే అణిగిపోయింది.

ఆ వేసవిలో నార్త్ కరోలినా తన రాజ్యాంగాన్ని సవరించుకుంది. ఓటు కావాలంటే రాజ్యాంగంలోని ఏ భాగమిచ్చినా చదివి రాయగలగాలి, తలపన్ను కట్టి ఉండాలి. మరి చదువురాని తెల్లవాళ్ల మాటేమిటి? 1867 జనవరి 1 నాటికి ఓటున్నవాడికీ, అతని కొడుకులకూ మనవలకూ చదువు పరీక్ష అక్కర్లేదు. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. దక్షిణాదిన నల్లవాళ్లకు ఓటు వచ్చింది ఆ తర్వాతే. ఆగస్టులో సవరణ నెగ్గింది. కొన్నేళ్లలో రాష్ట్రంలో నల్లజాతి ఓటు దాదాపు కనుమరుగైంది. వైట్ మళ్లీ పోటీచేయనని ప్రకటించాడు. మనిషిగా బతుకుతూ మనిషిగా మన్నన పొందడం నార్త్ కరోలినాలో తనకు ఇక సాధ్యం కాదని పత్రికలవాళ్లతో చెప్పాడు.

1901 జనవరి 29న అతను సభలో చివరి పెద్ద ప్రసంగం చేశాడు. ఎజెండాలో ఉన్నది వ్యవసాయశాఖ పద్దు. దాని మీద కాస్త మాట్లాడి అసలు విషయానికి వచ్చాడు. ఆ ప్రసంగం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది చివరి భాగమే: ఇది అమెరికా కాంగ్రెస్‌కు నల్లజాతి చెబుతున్న తాత్కాలిక వీడ్కోలు కావచ్చు, కానీ బూడిదలోంచి లేచే ఫీనిక్స్‌లా ఏదో ఒకనాడు మళ్లీ వస్తుందని అన్నాడు. నిజానికి అందులో ఇంకా గట్టి భాగం అంతకుముందు ఉంది. బానిసత్వం పోయిన ముప్పై అయిదేళ్లలో తన జాతి ఏం సాధించిందో అతను అంకెల్లో చెప్పాడు. నిరక్షరాస్యత 45 శాతం తగ్గింది. దాదాపు 500 పుస్తకాలు రాశారు. సుమారు 800 పత్రికలు నడుపుతున్నారు, వాటిలో మూడు దినపత్రికలు. 2,000 మందికి పైగా న్యాయవాదులున్నారు. 32,000 మంది ఉపాధ్యాయులున్నారు. 1,40,000 పొలాలూ ఇళ్లూ ఉన్నాయి, వాటి విలువ సుమారు 75 కోట్ల డాలర్లు. బ్యాంకులున్నాయి, ఒక పట్టుమిల్లు ఉంది, ఒక నూలు ఫ్యాక్టరీ ఉంది.

చివరి ప్రసంగంలో పొలాల లెక్కా బ్యాంకుల లెక్కా చెప్పినవాడు, పదవి దిగగానే పొలం దగ్గరికీ బ్యాంకు దగ్గరికీ వెళ్లాడంటే ఆశ్చర్యమేముంది?

మార్చి 4న అతని పదవీకాలం ముగిసినప్పుడు రాలీలో రాష్ట్ర శాసనసభ పండగ చేసుకుంది. ఇక ఏనాటికీ ఒక నల్లవాడు ఈ రాష్ట్రం తరఫున కాంగ్రెస్‌లో కూర్చోడని ఒక సభ్యుడు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. 1870లో జోసెఫ్ రెయినీతో ప్రతినిధుల సభలో మొదలైన వరస అక్కడ తెగింది. రెండు సభలూ కలిపి మొత్తం 22 మంది: ఇద్దరు సెనేటర్లు, ఇరవైమంది ప్రతినిధులు.

ఇక ఊరి కథ. న్యూజెర్సీ భూమి ఆలోచన వైట్ ఒక్కడిదే కాదు. కేప్ మే పట్టణం సముద్రస్నానాలకు పేరుపడిన విహారస్థలం. అక్కడి హోటళ్లలో వంట చేసేదీ, వడ్డించేదీ, బట్టలుతికేదీ ఎక్కువగా నల్లజాతివారే. వాళ్లు ఆ పక్కన స్థిరపడదామంటే తెల్లవాళ్ల నుంచి ఎదురుదెబ్బలు తగిలేవి. అక్కడి ఒక నల్లజాతి చర్చి పెద్దలు సొంత ఊరు కట్టుకుందామని ఈక్విటబుల్ ఇండస్ట్రియల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. పెట్టుబడి కోసం దేశంలో పేరున్నవాళ్లను కూడగట్టారు. కవి పాల్ లారెన్స్ డన్‌బర్, బుకర్ టి. వాషింగ్టన్ వంటివాళ్ల పేర్లు ఆ జాబితాలో కనిపిస్తాయి. వైట్ వచ్చాక పని ఊపందుకుంది. భూమి కొని అభివృద్ధి చేయడానికి అతని పేరునే ఒక కంపెనీ ఏర్పడింది. ఊరికీ అతని పేరే పడింది: వైట్స్‌బరో.

వచ్చినవాళ్లలో చాలామంది నార్త్ కరోలినా నుంచి వచ్చారు. విల్మింగ్టన్ చుట్టుపక్కల నుంచీ, వైట్ పుట్టి పెరిగిన కౌంటీల నుంచీ మూటాముల్లే సర్దుకుని వచ్చారు. అడవి నరికారు, ఇళ్లు కట్టుకున్నారు, చర్చిలు కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు. ఎండాకాలం కేప్ మే హోటళ్లలో కొలువు, మిగతా కాలం సాగు, కోళ్లు, కట్టె పని, చేపలు. 1906 నాటికి ఊరి జనాభా ఎనిమిది వందలు దాటిందంటారు. దక్షిణాదిన కౌలుకు చేసి, పంట చేతికొచ్చేసరికి అప్పుకే సరిపోయే బతుకు బతికినవాళ్లకు, తమ పేరున దస్తావేజు ఉన్న నేలచెక్కలో ఇల్లు వేసుకోవడం ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

నల్లజాతివారి సొంత ఊళ్లు అంతకుముందూ ఉన్నాయి. కాన్సాస్‌లో నికోడెమస్ 1877 నాటిది, ఫ్లోరిడాలో ఈటన్‌విల్ 1887 నాటిది. మిసిసిపీలో మౌండ్ బయూ కూడా 1887లోనే పుట్టింది. దాన్ని స్థాపించిన ఐజయా మాంట్‌గొమరీ కథను వైట్ కథ పక్కన పెట్టి చదవాలి. 1890లో మిసిసిపీ రాజ్యాంగసభలో అతనొక్కడే నల్లజాతి ప్రతినిధి. నల్లవాళ్ల ఓటును తుడిచిపెట్టే రాజ్యాంగానికి అతను అనుకూలంగా ఓటేశాడు. ఓటు వదులుకుంటే తెల్లవాళ్లు తమను తమ ఊళ్లో ప్రశాంతంగా బతకనిస్తారన్నది అతని ఆశ. మౌండ్ బయూ నిలిచింది, అందులో అతని దక్షత ఉంది. ఆ బేరం వల్ల ఊరి బయట మిసిసిపీలో లక్షల మంది నల్లవాళ్లు తరాల తరబడి నోరులేనివాళ్లయ్యారు. వైట్ ఆ బేరం ఆడలేదు. ఓటు లాక్కున్న రాష్ట్రాన్ని వదిలి, ఓటు వేయగలిగే రాష్ట్రంలో నేల కొన్నాడు. న్యూజెర్సీలోనూ వివక్ష ఉంది, అయితే వైట్స్‌బరోలో దిగినవాడు ఎన్నికనాడు ఓటు వేయగలడు. ఊరికి చోటు ఎంచుకోవడంలోనే వైట్ రాజకీయం దాగి ఉందని అందుకే అనిపిస్తుంది.

వైట్ మాత్రం వైట్స్‌బరోలో కాపురం పెట్టలేదు. వాషింగ్టన్‌లో కొన్నేళ్లు వకీలుగా పనిచేసి ఫిలడెల్ఫియాకు మారాడు. 1910 జనగణనలో అక్కడి నల్లజాతి జనాభా 84,459. ఉత్తరాది నగరాల్లో పెద్ద సమూహాల్లో అదొకటి. సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ 1899లో అచ్చువేసిన అధ్యయనంలో ఈ సమాజాన్నే ఇల్లిల్లూ తిరిగి పరిశీలించాడు. కూలి తక్కువ, అద్దె ఎక్కువ. సొంత ఇల్లు కొనుక్కుందామంటే తెల్లవాళ్ల బ్యాంకులు తాకట్టు మీద అప్పివ్వడానికి వెనకాడేవి. 1907లో వైట్ లొంబార్డ్ వీధిలో పీపుల్స్ సేవింగ్స్ బ్యాంకు తెరిచాడు. చిన్న డిపాజిట్లు తీసుకోవడం, ఇళ్లు కొనేవాళ్లకూ దుకాణం పెట్టేవాళ్లకూ అప్పులివ్వడం దాని పని.

నల్లజాతి బ్యాంకు తెరవడమంటే ఒక పాత గాయాన్ని దాటుకుని రావాలి. బానిసత్వం ముగిసిన 1865లో కాంగ్రెస్ చట్టంతోనే ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పుట్టింది. పొదుపు మీ సొమ్ము, దానికి ప్రభుత్వం అండ అని జనం నమ్మేటట్టు ప్రచారం సాగింది. నిర్వాహకులు ఆ సొమ్మును ఎవరెవరికో అడ్డగోలుగా అప్పులిచ్చారు. 1874లో అది మూతపడినప్పుడు 61,000 మందికి పైగా డిపాజిట్‌దారులు చిక్కుకున్నారు, ఇరుక్కున్న సొమ్ము దాదాపు 30 లక్షల డాలర్లు. ఆ కాలపు ఇళ్లలో బ్యాంకు మాటెత్తితే తాతలు తల అడ్డంగా ఊపేవారు. ఆ నమ్మకాన్ని మళ్లీ గింజ గింజా పోగుచేసింది నల్లజాతివారు సొంతంగా పెట్టుకున్న బ్యాంకులే. రిచ్‌మండ్‌లో 1903లో మ్యాగీ వాకర్ తెరిచిన సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు వాటిలో మేటి. పనిమనుషులూ చాకలివాళ్లూ అణా కాణీ తెచ్చి అక్కడ దాచుకున్నారు.

ఇలాంటి బ్యాంకులకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. వచ్చే డిపాజిట్లు చిన్నవి, ఎప్పుడంటే అప్పుడు తిరిగి అడుగుతారు. ఇచ్చే అప్పులు ఇళ్ల మీద, తిరిగిరావడానికి ఏళ్లు పడుతుంది. ఖాతాదారులంతా ఒకే రకం పనులు చేసేవాళ్లు. పని పోతే అందరికీ ఒకేసారి పోతుంది. పెద్ద బ్యాంకుకైతే ఇంకో పెద్ద బ్యాంకు చేయూతనిస్తుంది. వీటికి అంతటి చేయూత దొరకదు. చివరకు వ్యవస్థాపకుడి పేరే పూచీకత్తు అవుతుంది. లొంబార్డ్ వీధి బ్యాంకుకు వైట్ పేరే మూలధనం అన్నా తప్పులేదు. అదే దాని బలం. అతని ఆరోగ్యం క్షీణించినప్పుడు అదే బలహీనత అయింది.

వ్యాపారంలో ఉన్నంతకాలమూ అతను రాజకీయాన్ని విడిచింది లేదు. నల్లజాతి హక్కుల సంఘాల్లో పదవులు నిర్వహించాడు. 1912లో ఫిలడెల్ఫియా నుంచి కాంగ్రెస్‌కు రిపబ్లికన్ టికెట్టు అడిగాడు, దక్కలేదు. 1917లో నగరపాలక సంస్థ న్యాయవిభాగంలో సహాయ న్యాయవాదిగా నియమితుడయ్యాడు. అప్పటికి అతనికి అరవై నాలుగేళ్లు.

ఆ ఏళ్లలో ఫిలడెల్ఫియా ముఖమే మారిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల యూరప్ నుంచి కూలీలు రావడం ఆగిపోగా, 1916 నుంచి పెన్సిల్వేనియా రైల్వే లాంటి కంపెనీలు దక్షిణాది నుంచి నల్లజాతి కూలీలను రైళ్లలో తరలించాయి. ఇళ్లు చాలలేదు. 1918 జూలైలో ఒక నల్లజాతి ఉద్యోగిని తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొని దిగితే, గుంపు కిటికీల మీద రాళ్లు విసిరింది. అక్కడ మొదలైన కొట్లాట కొన్ని రోజులు సాగింది, ప్రాణాలు పోయాయి. ఇంటి దస్తావేజు చేతిలో ఉన్నంతమాత్రాన ఆ ఇంట్లో నిద్రపోగలమన్న భరోసా ఉత్తరాదిలోనూ లేదని తేలింది. సెప్టెంబర్‌లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి నగరంలో పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే పీపుల్స్ సేవింగ్స్ బ్యాంకు మూతపడింది. డిసెంబర్ 28న వైట్ కన్నుమూశాడు. ఫిలడెల్ఫియా శివార్లలో నల్లజాతివారి ఈడెన్ శ్మశానవాటికలో అతన్ని సమాధి చేశారు.

వీడ్కోలు ప్రసంగంలో అతను చెప్పిన రాక ఉత్తరాదినుంచి మొదలైంది. 1928లో షికాగో నుంచి ఆస్కార్ డీప్రీస్ట్ గెలిచాడు. దక్షిణాది నుంచి మాత్రం 1972 దాకా ఎవరూ రాలేదు; ఆ ఏడు టెక్సస్‌లో బార్బరా జోర్డన్, జార్జియాలో ఆండ్రూ యంగ్ గెలిచారు. సొంత రాష్ట్రం నార్త్ కరోలినా ఇంకా ఇరవయ్యేళ్లు తీసుకుంది. 1992లో ఈవా క్లేటన్, మెల్ వాట్ ఎన్నికయ్యారు. వైట్ బిల్లు తర్వాత దాదాపు రెండు వందల మూకహత్యల నిషేధ బిల్లులు కాంగ్రెస్‌కు వచ్చి ఆగిపోయాయి. చివరకు 2022 మార్చి 29న, మూకహత్యకు బలైన ఎమ్మెట్ టిల్ అనే కుర్రవాడి పేరిట చట్టమైంది.

వైట్స్‌బరో మాత్రం ఉంది. న్యూజెర్సీలో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద కేప్ మే బీచ్‌లకు వెళ్తూ దాని పక్కనుంచే పోతుంటాయి. రచయితగా, వ్యాపార శిక్షకుడిగా పేరున్న స్టెడ్‌మన్ గ్రాహమ్ పెరిగింది ఇక్కడే. ఊరికి తనదంటూ పురపాలక సంఘం ఎప్పుడూ లేదు. రోడ్డు కావాలన్నా, నీటిపంపు కావాలన్నా ఊరు చేరిన మిడిల్ టౌన్‌షిప్ పాలకుల దగ్గరికే వెళ్లాలి. వైట్ భూమి కొనిపెట్టాడు, వచ్చినవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. ఆ భూమి మీద పన్ను వేసి ఖర్చుపెట్టే అధికారం మాత్రం ఊరి చేతికి రాలేదు. 1988లో ఊరివాళ్లు ఒక పౌరసంఘం పెట్టుకుని ఆ అర్జీల పనిని తామే భుజాన వేసుకున్నారు. ఏటా సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో ఊరు వదిలిపోయిన కుటుంబాలను వెనక్కి పిలిచి ఉత్సవం చేస్తున్నదీ, పిల్లలకు చదువు కార్యక్రమాలు నడుపుతున్నదీ ఆ సంఘమే.